రెండో సున్న

పదకొండు దాటి నాలుగు నిమిషాలు. శుక్రవారాలు ఈ గది పన్నెండింటికి మూస్తారని గడియారం కింద కాగితం అంటించారు. దాని కింద ఇంకో కాగితం: పెన్నులు వద్దు, పెన్సిలు మాత్రమే. ఆర్కైవ్‌లో పనిచేసే అమ్మాయి రెండు పుస్తకాలు తెచ్చి స్పాంజి దిమ్మెల మీద తెరిచి పెట్టి, పేజీని మూల దగ్గర పట్టుకుని ఎలా తిప్పాలో చూపించి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఒకటి బాప్తిస్మపు పుస్తకం, రెండోది సంస్కారపు పుస్తకం, గుడిలో రొట్టె, ద్రాక్షారసం ఎవరెవరు తీసుకున్నారో రాసేది. రెండూ వేములగుంట క్రైస్తవ సంఘానివి, 1915 నుంచి 1930 దాకా. గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో రాసిన పుస్తకాలు పెన్సిల్వేనియాకి ఎలా వచ్చాయంటే, అక్కడి మిషనరీ దొర రిటైరై వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో వేసుకొచ్చాడు, ఆయన పోయాక పిల్లలు పెట్టెతో సహా ఈ సెమినరీకి ఇచ్చేశారు. అట్టను చెదలు తిన్నాయి. లోపల సిరా నిలిచింది. అమ్మ నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై రెండేళ్ళు. కంటి మధ్యలో చూపు పోయింది, అంచుల్లో మిగిలింది. నా ముఖం చూడాలంటే నా చెవి పక్కకి చూస్తుంది. నెలకోసారి లీస్‌బర్గ్ తీసుకెళ్ళి కంట్లో ఇంజెక్షన్ చేయిస్తాను. అక్షరాలు చదవడం ఆపేసి మూడేళ్ళయింది. అందుకని నేను చదవాలి, ఆమె వినాలి.

ఆమె అడిగేది ఒక్కటే. వాళ్ళమ్మ రాహేలమ్మకి తండ్రి ఎవరు. రాహేలమ్మ నాకు అమ్మమ్మ. ఆమె తల్లి మార్తమ్మ మిషన్ బోర్డింగులో వంటమనిషి, పెళ్ళి కాలేదు. రాహేలమ్మ బాప్తిస్మపు సర్టిఫికెట్టు నకలు ఆష్‌బర్న్‌లో మా ఇంట్లో పాస్‌పోర్టులు పెట్టిన కవర్లో ఉంది. తండ్రి అన్నచోట అడ్డగీత. బడి రిజిస్టర్లో అదే గీత, టీచరు ట్రైనింగ్ దరఖాస్తులో అదే గీత. 1941లో రాహేలమ్మకి పెళ్ళి కుదిరినప్పుడు గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి, ఫలానా వారి కుమారుడికి ఫలానా వారి కుమార్తెతో వివాహం, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. పెళ్ళికొడుకు తండ్రి పేరు చదివారు. పెళ్ళికూతురి వంతు వచ్చేసరికి మార్తమ్మ కుమార్తె అన్నారు. మూడు వారాలూ ఆ మాట ముందు ఆగాడమ్మా ఆయన, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు, అని అమ్మమ్మ చెప్పేది. ఆయన అంటే పరంజ్యోతి అయ్యగారు, ముప్పై ఏళ్ళకి పైగా ఆ సంఘానికి పాస్టరు. మా నాన్నకి తాత. అమ్మ ఆ ఇంటికే కోడలిగా వెళ్ళింది. మా ఇంట్లో టీవీ పైన ఫోటోలో బైబిలు పట్టుకుని కూర్చున్నది ఆయనే. ఏ ఇల్లు మారినా ముందు ఆ ఫోటో తగిలించాకే అమ్మ వంటింటి సామాను విప్పించేది.

అమ్మ దగ్గర ఒక జవాబు ఎప్పటి నుంచో ఉంది. దొర. ట్రంకు పెట్టె దొరే. అమ్మ కళ్ళు తేనె రంగు, ముక్కు మా వాళ్ళెవరి ముక్కులా ఉండదు. నాన్న పోయాక 2009లో నేను ఆమెను తెచ్చుకునేటప్పుడు చెన్నైలో కాన్సులేటు బయట లైన్లో నిలబడి, మా తాత దేశానికే గదా పోయేది, వీసా ఇయ్యకేం జేస్తారు, అంది. వెనకున్నవాళ్ళు నవ్వారు, అమ్మ నవ్వలేదు. కాస్ట్‌కోలో తెల్లజుట్టు ముసలాయన బండి తోసుకుంటూ ఎదురైతే నా మోచెయ్యి గిల్లేది. అదుగోనే హెప్సీ, మీ ముత్తాత, అరటిపళ్ళు కొనుక్కుపోతన్నాడు. నా కూతురు స్మృతి రెండేళ్ళ కింద డీఎన్ఏ కిట్లు రెండు తెప్పించింది. అమ్మమ్మా, జస్ట్ ఈ ట్యూబ్‌లో స్పిట్ చెయ్యి, అంతే. అమ్మ ట్యూబ్ మూత పెట్టి తిరిగిచ్చింది. ఉమ్మేస్తే దొరికేవాడు తాత ఎట్టా అవుతాడే? నేను ఉమ్మాను. రిపోర్టులో యూరప్ లేదు, ఒక్క శాతం కూడా. దొర నాకు ముత్తాత అయితే పన్నెండు శాతం ఉండాలి. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను, రిపోర్టు చదవడం వచ్చు. అమ్మకి చెప్పలేదు. కాస్ట్‌కోలో ఆ తర్వాత కూడా గిల్లించుకున్నాను. ఆ రిపోర్టులో ఇంకో వాక్యం ఉంది. మీ తల్లిదండ్రులు ఒకరికొకరు బంధువులయ్యే అవకాశం ఉంది అని. స్మృతి భయపడింది. మమ్మీ, ఇదేంటి, ఇట్స్ వియర్డ్. నేను నవ్వాను. మనవాళ్ళల్లో ఎవరు చుట్టాలు కారో చెప్పు, మేనరికాలు చేసుకునేవాళ్ళం, వెతికితే అందరం అందరికీ ఏదో ఒకటి అవుతాం అన్నాను. స్మృతి నమ్మింది. నేనూ నమ్మాను.

దొర సంగతి మొదట తేల్చాలి. బాప్తిస్మపు పుస్తకం, 1922, ఇరవై ఆరో నంబరు. రాహేలు. పుట్టిన తేదీ ఫిబ్రవరి 11. బాప్తిస్మం ఏప్రిల్ 2, ఆదివారం. తల్లి మార్తమ్మ, బోర్డింగు వంటమనిషి. తండ్రి, అడ్డగీత. సాక్షి, దీనమ్మ, పాస్టరుగారి భార్య. బాప్తిస్మం ఇచ్చినవారు, పరంజ్యోతి. అంటే కడుపు పడింది 1921 మే నెలలో. పెట్టెతో వచ్చిన ఉత్తరాల జాబితాలో దొర ప్రయాణాలున్నాయి. సంస్కారపు పుస్తకంలో ఏటా డిసెంబరులో దొర తనిఖీ చేసి ఎర్రసిరాతో పొడి అక్షరాలు వేస్తాడు, 1921 డిసెంబరులో వేసినవి ఇంకో దొరవి. రెండూ కలిశాయి. అమ్మ చెవి దగ్గరికి వంగాను.

"దొర కాదమ్మా. ఇరవై ఒకటి మార్చిలో ఓడెక్కి సెలవు మీద ఇక్కడికొచ్చాడు. మళ్ళీ ఆ దేశంలో దిగింది ఇరవై రెండు అక్టోబరు."

"లెక్క సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

అమ్మ చీర కొంగు ఒళ్ళో మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "పోన్లే," అంది. "ఇంక కాస్ట్‌కోలో ఎవర్నీ పట్టి చూడబన్లేదు." కాసేపటికి, "మరి ఎవరు?" అంది.

పదకొండు ఇరవై రెండు. ఇక సంస్కారపు పుస్తకం. ఈ పుస్తకం ఎలా చదవాలో ఈ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు, బల్ల దగ్గరున్న అమ్మాయికి కూడా. నాకు ఇస్సాకు తాత నేర్పాడు. పరంజ్యోతి గారి కొడుకు, నాన్నకి తండ్రి, ఆయనా పాస్టరే. శనివారం సాయంత్రం వరండాలో చాప వేసి నా చేత రిజిస్టరుకి గీతలు కొట్టించేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. ఎడమ పక్క పేర్లు, మగవాళ్ళవి ఒక వైపు, ఆడవాళ్ళవి ఒక వైపు, పైన నెలలు. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం. వచ్చి తీసుకున్నవాళ్ళకి నిలువుగీత. రానివాళ్ళకి ఖాళీ. సంఘం ఆపినవాళ్ళకి సున్న. ఎందుకు ఆపుతారు తాతా అని అడిగితే, తాగి కొట్టుకున్నా, జాతరలో మేకను కోసినా, పెళ్ళి కాకుండా కడుపొచ్చినా అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పే మాట కాదు, కానీ తాత రిజిస్టరు ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరున్నారో చూసుకునేవాడు కాదు. కడుపొచ్చిన సున్న ఒంటిగా ఉండదమ్మా, మగవాళ్ళ వైపు ఇంకో సున్న ఉంటుంది, అదే నెల మొదలవుతుంది, అదే నెల తీరిపోతుంది, ఇద్దర్నీ ఒకే ఆదివారం నిలబెట్టి ఒప్పించి చేర్చుకుంటారు అన్నాడు. రెండో సున్న లేకపోతే, అన్నాను. తాత స్కేలు జరిపి తర్వాతి గీత చూపించాడు. జవాబు చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి నాకు ఇప్పుడే, ఈ కుర్చీలో కూర్చున్నాకే గుర్తొస్తోంది.

మార్తమ్మ ఆడవాళ్ళ వైపు ముప్పై ఒకటో పేరు. 1921 అక్టోబరు దాకా ప్రతి నెలా గీత. నవంబరు ఆరు, సున్న. అప్పటికి ఆరో నెల, చీర దాచలేని నెల. డిసెంబరు సున్న, జనవరి సున్న, బిడ్డ పుట్టిన ఫిబ్రవరి సున్న, బాప్తిస్మం జరిగిన ఏప్రిల్ రెండున సున్న. ఆ రోజు బిడ్డను తీసుకున్న గుడి తల్లిని తీసుకోలేదు. అలా 1922 డిసెంబరు దాకా. పద్నాలుగు సున్నలు. 1923 జనవరి ఏడు, గీత. ఇక మగవాళ్ళు. డెబ్భై మూడు పేర్లు. స్కేలు బదులు ఆర్కైవ్ వాళ్ళిచ్చిన కాగితపు పట్టీ ఒక్కో వరస కింద పెట్టుకుంటూ దిగాను. పన్నెండో పేరుకి మూడు సున్నలు, కానీ 1921 జూన్‌లోనే తీరిపోయాయి. నలభయ్యో పేరుకి 1922 ఆగస్టు నుంచి రెండు, పక్కన జాతర అని రాసి ఉంది. అరవై ఆరో పేరు మధ్యలో ఆగిపోయింది, రంగూన్ వెళ్ళెను అని ఉంది, వెళ్ళింది 1920లో. డెబ్భై మూడు అయిపోయాయి. మళ్ళీ కింది నుంచి పైకి ఎక్కాను. నవంబరులో మొదలై జనవరిలో తీరిన సున్న మగవాళ్ళ వైపు లేదు. మొదటి పేరు పాస్టరుగారిదే, ఆయనకీ వరస ఉంటుంది, దొర తనిఖీ చేస్తాడు కాబట్టి. పద్నాలుగు నెలలూ గీతలు.

బయటివాడై ఉంటాడు అనుకున్నాను. సంఘంలో లేని మనిషి, హిందువుల ఇంటి మనిషి, బోర్డింగుకి బియ్యం తెచ్చే బండివాడు. అలాంటివాడికి ఈ పుస్తకంలో వరస ఉండదు, గీతా ఉండదు సున్నా ఉండదు. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు. పట్టీ తీసేద్దామని ఆడవాళ్ళ పేజీ మీదికి జరిపాను, జరపడంలో అది పైకి వెళ్ళి మొదటి వరస కింద ఆగింది. ఆడవాళ్ళ వైపు మొదటి పేరు దీనమ్మ. పాస్టరుగారి భార్య. నేను ఆ వరస చూడలేదు, ఎందుకు చూస్తాను, నాకు కావలసింది మగవాడు. 1915 నుంచి గీతలు, ఒక్క నెల తప్పలేదు, కాన్పులైన నెలల్లో తప్ప. 1921 నవంబరు ఆరు, ఖాళీ. డిసెంబరు ఖాళీ. సున్న కాదు, ఎవరూ ఆపలేదు, ఆవిడే రాలేదు. జనవరి ఖాళీ. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను, వేలు పెట్టకూడదని గుర్తొచ్చి తీసి పెన్సిలు వెనక వైపుతో లెక్కపెట్టాను. పద్నాలుగు. 1923 జనవరి ఏడు, గీత. మార్తమ్మ వరస ముప్పై వరసల కింద. పట్టీని రెండు వరసలనీ కలిపేలా నిలువుగా పెట్టి చూశాను. మొదలు ఒక్కటే. చివర ఒక్కటే.

జబ్బు చేసి ఉండొచ్చు. బాప్తిస్మపు పుస్తకం మళ్ళీ తీశాను. ఆ పద్నాలుగు నెలల్లో దీనమ్మ సాక్షిగా నిలబడ్డ బాప్తిస్మాలు ఐదు. అందులో నాలుగు సంస్కారం ఇచ్చిన ఆదివారాలే. అంటే గుడిలో ఉంది, ఒంట్లో బాగుంది, బిడ్డల్ని ఎత్తుకుంది, రొట్టె దగ్గరికి వచ్చేసరికి లేవలేదు. కాన్పు అయి ఉండొచ్చు. ఆవిడ ఆఖరి బిడ్డ 1917. ఏప్రిల్ రెండున దీనమ్మ మొదటి బెంచీ దగ్గర నిలబడి మార్తమ్మ బిడ్డను భర్త చేతికిచ్చింది, ఆయన నీళ్ళు చల్లి పేరు పెట్టి తిరిగిచ్చాడు, ఆ తర్వాత ఆయన రొట్టె పట్టుకుని నిలబడితే ఆవిడ కూర్చునే ఉంది. సంఘం అంతా చూసింది. చూసింది కాబట్టే ఆయన ఖాళీని ఖాళీగానే ఉంచాడు, భార్య వరసలో దొంగగీత పెడితే పెద్దలు ఊరుకోరు. తన వరసలో మాత్రం తన చేత్తో గీత పెట్టుకున్నాడు. పద్నాలుగు సార్లు తానే విరిచి తానే తిన్నాడు. కోపంతో లేవలేదా ఆవిడ, లేక ఆ వంటపిల్లకి తోడుగా కూర్చుందా, లేక ఆయన కట్టాల్సిన శిక్ష తాను కట్టిందా. పుస్తకంలో ఖాళీ ఉంది, ఖాళీకి కారణం రాసే గడి లేదు.

నాకు దీనమ్మ గుర్తులేదు, ఆవిడ పోయేనాటికి నాకు రెండేళ్ళు. అమ్మకి తెలుసు. 1962లో నాన్నకి సంబంధాలు చూస్తున్నప్పుడు, తెనాలి డాక్టరు గారి అమ్మాయి కుదిరిపోయిందనుకుంటున్నప్పుడు, డెబ్భై రెండేళ్ళ దీనమ్మ మంచం మీద నుంచి రాహేలు కూతుర్ని తీసుకురండి అంది. ఎందుకో చెప్పలేదు. మా నాయనమ్మ, అంటే ఇస్సాకు తాత భార్య, మూడు రోజులు అన్నం తినలేదు. తండ్రి పేరు లేని ఇంటి పిల్ల మనకెందుకు అంది. పెళ్ళయిన పదేళ్ళకి కూడా చుట్టాలొస్తే ఆ మాటే అనేది, కూరలో ఉప్పెక్కువైనా అనేది. పెళ్ళి రోజు దీనమ్మ ఇంకో పని చేసింది. ఆడపడుచులకి చీరలు పెడుతుంటే, ఇంటి ఆడబిడ్డలకి పెట్టే పెద్ద చీర తీసి పెళ్ళికూతురి తల్లికి, రాహేలమ్మకి పెట్టింది. అందరూ కంగారు పడ్డారు. అత్తమ్మా, ఆమె ఆడపడుచు కాదు, వియ్యపురాలు అని చెప్పారు. ముసలామె తిరిగి తీసుకోలేదు. మతి తప్పింది అనుకున్నారు. మా ఇంట్లో ఎవరైనా ఒకరికి ఇవ్వాల్సింది ఇంకొకరికి ఇస్తే, దీనమ్మ చీర పెట్టినట్టు పెట్టావు అంటాం. నేనూ అంటాను. స్మృతి కూడా అంటుంది, అర్థం తెలియకుండా. ఇప్పుడు వరసలు పెట్టి చూస్తే రాహేలమ్మ ఇస్సాకు తాతకి చెల్లెలు. అమ్మ నాన్నకి మేనత్త కూతురు. తప్పు పెళ్ళి కాదు, మనవాళ్ళు కోరి చేసే పెళ్ళి, మేనరికం. ల్యాబ్‌లో మేము రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు రెండో పద్ధతిలో పరీక్ష చేస్తాం. ఆ రెండో పరీక్ష, తల్లిదండ్రులు బంధువులన్న వాక్యం, రెండేళ్ళ కిందటే నా చేతికొచ్చింది, నేను నవ్వి పక్కన పెట్టాను.

పదకొండు నలభై ఒకటి. అమ్మకి ఏం చెప్పాలి. దొరకలేదమ్మా, బయటివాడై ఉంటాడు అనొచ్చు. ఆమె ఈ పుస్తకం చదవలేదు, ఇంకెవరూ చదవరు. నలభై ఏడేళ్ళు ఆ ఇంటి కోడలు. ఇస్సాకు తాతకి ఆఖరి రెండేళ్ళు అన్నం కలిపి పెట్టింది. తాత ఆ రెండేళ్ళు ఆమెను అమ్మా అని కాకుండా అమ్మాయ్ అని పిలిచేవాడు, మిగతా కోడళ్ళని అలా పిలవలేదు, అది ప్రేమ అనుకున్నాం, తెలిసి పిలిచాడో తెలియక పిలిచాడో. ఆమె రోజూ ప్రార్థనలో ఈ కుటుంబానికి పునాది వేసిన అయ్యగారి కోసం స్తోత్రం చెబుతుంది, నిన్న రాత్రి కూడా చెప్పింది. తనకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన శవపేటిక వెనక నడిచానని చెబుతుంది, క్రిస్మస్‌కి పిల్లలందరికీ బెల్లం అచ్చులు పంచేవాడు, నా వంతు వచ్చేసరికి చెయ్యి వణికేది, ముసలాయన గదా అని చెబుతుంది. ఇప్పుడు చెబితే ఆమెకి ఒక తాత దొరుకుతాడు, ఒక అయ్యగారు పోతాడు. చెప్పకపోతే రెండూ ఉన్నచోటే ఉంటాయి. పైగా ఇది రుజువు కాదు. ఖాళీలు, ఒక చీర, ఒక రిపోర్టు. ఏ కోర్టూ ఒప్పుకోదు. నేను ఒప్పుకున్నాను, అది వేరే సంగతి. ఫోను వెలిగింది. స్మృతి మెసేజ్: ఎనీ లక్, మమ్మీ? ఫోను బోర్లా పెట్టాను.

"దొరకలేదమ్మా," అన్నాను.

అమ్మ నా చెవి పక్కకి చూసింది. "నువ్వు పేజీ తిప్పి పది నిమిషాలయింది," అంది. "అంతకు ముందు చరచరా తిప్పావు. లేనిదాని ముందు ఎవరన్నా ఇంతసేపు కూసుంటారా?"

"కళ్ళు నొప్పిగా ఉన్నాయి."

"కళ్ళ సంగతి నాకు జెబుతున్నావా?" అంది. నవ్వలేదు. "హెప్సీ, నేను పోయాక తెలుసుకుని ఏం జేసుకుంటావే? స్మృతికి కథ చెబుతావా? చదువు. నీ మాటలొద్దు. పుస్తకంలో ఏముందో అది చదువు."

నా మాటలు లేకుండా చదివాను. ఇరవై ఒకటి నవంబరు, మార్తమ్మ సున్న, దీనమ్మ ఖాళీ. డిసెంబరు, మార్తమ్మ సున్న, దీనమ్మ ఖాళీ. ఇరవై రెండు జనవరి, సున్న, ఖాళీ. ఫిబ్రవరి, సున్న, ఖాళీ. గొంతు తగ్గించి చదువుతున్నా బల్ల దగ్గరున్న అమ్మాయి తలెత్తి చూసింది, ఏదో ప్రార్థన అనుకుని ఉంటుంది. అమ్మ వేళ్ళు బల్ల మీద ఒక్కో నెలకి ఒక్కసారి ఆనుతున్నాయి. ఏప్రిల్ దగ్గర ఆగి బాప్తిస్మపు పుస్తకంలో సాక్షి పేరు చదివాను. అమ్మ వేలు బల్ల మీదే ఉండిపోయింది. నేను ఆగాను. చదువు అంది. మే, జూన్, జూలై. డిసెంబరు దాకా చదివాను. ఇరవై మూడు జనవరి ఏడు, మార్తమ్మ గీత, దీనమ్మ గీత.

"పద్నాలుగు," అంది అమ్మ.

"పద్నాలుగు."

"మొగోళ్ళ వైపు?"

"ఎవరికీ లేవమ్మా."

"ఆయనకి?"

ఆయన అంటే ఎవరని నేను అడగలేదు. "గీతలు. అన్నిటికీ."

అమ్మ వేలు బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గడియారంలో రెండు నిమిషాలు గడిచాయి. ఈ రెండు నిమిషాల్లో ఆమె ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో నాకు తెలియదు. నేను మాత్రం మా ఇంటి గోడ దగ్గరికి వెళ్ళాను, ఆ ఫోటో దించితే అక్కడ గోడ రంగు వేరేగా ఉంటుంది, ఆదివారం సంఘంవాళ్ళు ఎవరైనా వస్తే ఏమైందని అడుగుతారు, ఏం చెప్పాలి. అమ్మ నోట్లోనే ఏదో లెక్క వేసుకుంటోంది. ఆ చీర, అంది ఒకసారి. కాసేపటికి, మీ నాయనమ్మ, అంది, అని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలా చెవి పక్కకి కాకుండా సూటిగా తిరిగి, అంటే నేను కనిపించకుండా తిరిగి, అంది:

"మూడు ఆదివారాలు మా అమ్మ పెళ్ళి ప్రకటన చదివాడే. పైన నిలబడి, పుస్తకం పట్టుకుని. మా అమ్మ కింద కూర్చుని వింది. ఇరవై అడుగులుండదు."

"ఇది రుజువు కాదమ్మా. ఇంకేదన్నా కారణం..."

"నీకు కాదులే," అంది. "నాకవును."

పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. ఆ అమ్మాయి వచ్చి పుస్తకాలు ఇంక తీసుకెళ్ళాలంది. మీరు వెతికింది దొరికిందా అని అడిగింది. ఏదైనా కొత్త సంగతి గుర్తించి ఉంటే ఈ ఫారంలో రాయొచ్చు, పుస్తకంలో దిద్దం, ఫారాన్ని పుస్తకంతో పాటు ఫోల్డర్‌లో ఉంచుతాం, తర్వాత వచ్చేవాళ్ళకి కనబడుతుంది అని ఒక కాగితం నా ముందు పెట్టింది. ఏ పుస్తకం, ఏ పేజీ, ఎన్నో నంబరు. మీరు చేర్చదలచిన సమాచారం. ఆధారం. మీ పేరు. ఆ వ్యక్తితో మీ సంబంధం. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకోబోయాను, ఇంటికెళ్ళి ఆలోచిద్దాం అని. మడత చప్పుడు అమ్మకి వినబడింది.

"ఏం కాగితం అది?"

చెప్పాను. ఇంగ్లీషులో ఉన్న గడులన్నీ తెలుగులో చెప్పాను.

"విప్పు," అంది. "రాయి. అప్పుడు సంతకం నేను పెడతాను, నా వేలు ఎక్కడ పెట్టాలో చూపించు."

"అమ్మా, సంఘంలో తెలిస్తే..."

"సంఘానికి తెలుసే. వందేళ్ళ కిందటే తెలుసు. పద్నాలుగు నెలలు ఆమె కూర్చుంటే చూసినోళ్ళకి తెలియదా? మనకే తెలియంది."

విప్పాను. బాప్తిస్మపు పుస్తకం, 1922, నంబరు ఇరవై ఆరు. రాహేలు, తండ్రి. పెన్సిలు పట్టుకుని ఆగాను. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది, రాస్తున్నానో లేదో తెలుసుకోవడానికి. పరంజ్యోతి అని రాశాను. ఆధారం దగ్గర, సంస్కారపు పుస్తకం, ఆడవాళ్ళ వరసలు ఒకటి, ముప్పై ఒకటి, 1921 నవంబరు 6 నుంచి 1923 జనవరి 7 వరకు, అని రాశాను. డీఎన్ఏ రిపోర్టు తారీఖు రాశాను, ఆ రిపోర్టు గురించి ఇంటికెళ్ళేదారిలో ఆమెకి చెప్పాలి, రెండేళ్ళ సంగతి కూడా చెప్పాలి. చీర సంగతి రాయడానికి గడి చాల్లేదు. పేరు దగ్గర ఆమె పేరు రాసి, వేలు పట్టుకుని గీత మీద పెట్టాను. సలోమి అని తెలుగులో సంతకం చేసింది, చివరి అక్షరం గీత దాటి కిందికి దిగింది. ఇక సంబంధం అన్న గడి ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి బల్ల లైటు ఆర్పింది.

"ఏం రాయను?"

"మనవరాలు అని రాయి."

రాశాను. "మనవడి భార్య అని కూడా రాయనా?"

"అది అందరికీ తెలిసిందేగా," అంది అమ్మ, కుర్చీ చెయ్యి పట్టుకుని లేస్తూ. "తెలియంది రాయి."